గొలుసా? బెల్టా?

కారు ముందుమూత ఎత్తినవారికి బ్యాటరీ కనబడును, రేడియేటరు కనబడును, గాలి జల్లెడ కనబడును. ఇంజనుకు ఒక ప్రక్కగా, రేకు మూతక్రిందనో ప్లాస్టిక్ మూతక్రిందనో దాగియుండు ఒక భాగము మాత్రము కనబడదు. కారు కొన్ననాటి నుండి అమ్మువరకు దానిని ఒక్కసారియైనను చూడని యజమానులే ఎక్కువ. ఐనను అది తెగిన క్షణమున కారు నిలిచిపోవుటతో పోదు. కొన్ని ఇంజనులలో లోపలి భాగములు ఒకదానినొకటి గ్రుద్దుకొనును. పాత కారు విషయమున ఆ మరమ్మతునకు అగు వ్యయము కారు వెలతో పోటీపడినను ఆశ్చర్యము లేదు. ఆ భాగము కొన్ని కార్లలో ఉక్కు గొలుసు. మరికొన్నిటిలో రబ్బరు బెల్టు. మెకానిక్కులు వీనిని టైమింగ్ చైన్ అనియు, టైమింగ్ బెల్టు అనియు పిలుతురు. పాత కారును ఇంట నుంచుకొన్నవారును, పాత కారును కొనదలచినవారును తమ ఇంజనులో ఏది యున్నదో ముందుగా ఎరిగియుండవలెను. ఏలయనగా ఈ రెండును చెడు విధము ఒకటి కాదు.

ఇది చేయు పని యేమి? ఇంజనులో ఒక్కొక్క సిలిండరునందు పిస్టను పైకి క్రిందికి కదలుచుండును. ఆ కదలికను చక్రభ్రమణముగా మార్చునది క్రాంక్ షాఫ్టు. గాలియు పెట్రోలు ఆవిరియు లోనికి వచ్చుటకు ఒక ద్వారము, కాలిన పొగ వెలికి పోవుటకు వేరొక ద్వారము కలవు. ఆ ద్వారములకు తలుపుల వంటివి వాల్వులు. సమయము వచ్చినప్పుడు వానిని ఒత్తి తెరచునది కామ్ షాఫ్టు అను మరియొక ఇరుసు. పీల్చుట, అదుముట, మండుట, వెలిబుచ్చుట అను నాలుగు పనులు ముగియుసరికి క్రాంక్ షాఫ్టు రెండు చుట్లు తిరుగును. ఒక్కొక్క వాల్వు ఒక్కమారే తెరచుకొనవలెను. కావున కామ్ షాఫ్టు సరిగా సగము వేగముతో తిరుగవలెను. క్రాంక్ షాఫ్టు చక్రమునకు 20 పండ్లున్నచో కామ్ షాఫ్టు చక్రమునకు 40 పండ్లుండుటకు కారణమిదియే. ఇంజను నిమిషమునకు 3000 చుట్లు తిరుగునప్పుడు సెకనుకు 50 చుట్లు తిరిగినట్లు. అప్పుడు ఒక్కొక్క వాల్వు సెకనుకు 25 మారులు తెరచి మూయబడును. ఈ వేగములో రెండు ఇరుసులకు తాళము తప్పరాదు. ఆ తాళమును నిలుపునదే మన గొలుసు, లేదా బెల్టు.

రైసుమిల్లులో ఆయిలింజను నుండి యంత్రమునకు శక్తినందించు వెడల్పాటి తోలు బెల్టును శ్రోతలలో పెద్దవారు చూచియుందురు. బరువు హెచ్చినప్పుడు అది చక్రముపై కొంచెము జారును. మేస్త్రి వచ్చి దానికి గుగ్గిలము పట్టించును. వడ్లు ఆడించుటలో ఆ జారుపాటు వలన కొంపమునుగదు. కామ్ షాఫ్టు విషయమున అంతమాత్రపు జారుపాటును పనికిరాదు. అందుచేత ఇచట పండ్లు తప్పనిసరి. పండ్ల చక్రముతో పండ్ల చక్రమునే త్రిప్పుట మొదటి ఉపాయము. 1908లో వెలువడిన ఫోర్డు మోడల్ టి కారులోను, మన పాత బుల్లెట్ మోటారు సైకిలులోను ఉన్నది ఇట్టి ఏర్పాటే. అది దృఢమైనది, కాని రొద ఎక్కువ. ఇరుసులు దూరమైనకొలది నడుమ చక్రముల సంఖ్యయు పెరుగును. కార్లలో కాలక్రమమున గొలుసు స్థిరపడినది.

మన రోడ్లను చిరకాలము ఏలిన అంబాసిడరు, పద్మిని కార్లు రెండును గొలుసు కార్లే. అంబాసిడరులో పెక్కేండ్లు అమర్చిన 1489 ఘన సెంటీమీటర్ల ఇంజను బ్రిటిష్ మోటార్ కార్పొరేషను వారి బి శ్రేణికి చెందినది. పద్మిని ఇంజను 1089 ఘన సెంటీమీటర్లది. ఇటలీ దేశపు ఫియట్ 1100 కారు నుండి వచ్చినది. ఈ రెండింటియందును కామ్ షాఫ్టు ఇంజను దిమ్మలోనే, క్రాంక్ షాఫ్టునకు చేరువలో నుండును. అచటి నుండి సన్నని కడ్డీలు పైకి పోయి, మీటలను త్రోసి, వాల్వులను తెరచును. ఇరుసులు రెండును దగ్గరగా నుండుటచే గొలుసు పొట్టిది. ఇంజను నూనెలో తడియుచు, ఎవరికిని కష్టము కలిగింపక, ఏండ్ల తరబడి తిరుగును. ఈ కార్ల యజమానులలో పలువురు గొలుసు మాటయే వినియుండకపోవుటకు కారణమిదియే.

వేగము హెచ్చినకొలది ఆ కడ్డీల, మీటల బరువే అడ్డు వచ్చెను. అందుచే ఇంజను నిర్మాతలు కామ్ షాఫ్టును దిమ్మ నుండి తీసి, వాల్వుల నెత్తిన కూర్చుండబెట్టిరి. కడ్డీలతో పని తప్పినది గాని, ఇరుసుల నడుమ దూరము పెరిగి గొలుసు పొడవైనది. పొడవైన గొలుసు వేగముగా తిరుగునప్పుడు త్రాడువలె ఊగును. ఊగకుండుటకు ప్రక్కల ఆనింపుపట్టీలు, బిగువు తగ్గకుండుటకు టెన్షనరు, వీనికన్నిటికి నూనె అందుటకు దారులు, ఆ నూనె కారకుండుటకు గట్టి మూత కావలసివచ్చినవి. ఖరీదు పెరిగెను, రొదయు పెరిగెను.

ఈ చిక్కునకు పరిష్కారము కుట్టుమిషను నుండి వచ్చినదన్నచో కొందరికి వింతగా తోచవచ్చును. కుట్టుమిషనులో పై సూదియు, క్రింది బాబిను దగ్గరి కొక్కెమును తాళము తప్పక కదలవలెను; లేనిచో కుట్టు పడదు. 1940 దశకమున అమెరికాలోని గిల్మర్ కంపెనీలో పనిచేసిన రిచర్డ్ కేస్ సింగర్ కుట్టుమిషనుల కొరకు లోపలివైపు పండ్లుగల రబ్బరు బెల్టును రూపొందించెను. 1962లో పశ్చిమ జర్మనీలో, బవేరియా ప్రాంతపు డింగోల్ఫింగ్ పట్టణమునందలి హాన్స్ గ్లాస్ కంపెనీ 1004 అను చిన్న కారును తయారుచేయసాగినది. పెద్ద సంఖ్యలో తయారైన కార్లలో పండ్ల బెల్టుతో కామ్ షాఫ్టును త్రిప్పినది అదియే మొదటిది. 1966లో అమెరికాలో పాంటియాక్ వారి ఆరు సిలిండర్ల ఇంజనును, ఇటలీలో ఫియట్ 124 స్పోర్టు కారు కొరకు ఔరేలియో లాంప్రెడి రచించిన రెండు కామ్ షాఫ్టుల ఇంజనును బెల్టుతోనే వచ్చినవి. అదే సంవత్సరము గ్లాస్ కంపెనీని బి.ఎమ్.డబ్ల్యు. వారు కొనివేసిరి. గ్లాస్ కారును ఎరిగినవారు నేడు అరుదు. దాని బెల్టు మాత్రము లోకమంతట వ్యాపించినది.

మన యిండ్లకు బెల్టును తెచ్చినది మారుతి 800. 1983 డిసెంబరులో వెలువడిన ఆ కారు ఇంజను మూడు సిలిండర్లది, 796 ఘన సెంటీమీటర్లది. కామ్ షాఫ్టు పైన, దానిని త్రిప్పుటకు రబ్బరు బెల్టు. తరువాత వచ్చిన జెన్, ఎస్టీము, మొదటి ఆల్టో కార్లును ఈ దారినే నడచినవి. 1998లో వచ్చిన టాటా ఇండికా డీజిలు ఇంజను కూడ బెల్టుదే. అంబాసిడరు తయారియు, మారుతి 800 తయారియు 2014లోనే నిలిచిపోయినవి. కాని నిలిచినది తయారి మాత్రమే. పాత బండ్లు ఇంకను మన వీథులలో తిరుగుచున్నవి. ఒకటి గొలుసుతో, ఒకటి బెల్టుతో.

ఇక గొలుసు చెడు విధము చూతము. "గొలుసు సాగినది" అని మేస్త్రీలు అందురు. నిజమునకు ఉక్కు పలకలు సాగవు. సైకిలు గొలుసును ఎరిగినవారికి ఇది సులభముగా తెలియును: లంకెకును లంకెకును నడుమనున్న పిన్నులు, వాని చుట్టునున్న గొట్టములు అరుగును. ఒక గొలుసులో 100 లంకెలున్నవనుకొందము. ఒక్కొక్క పిన్ను వద్ద మిల్లీమీటరులో ఇరువదియవ వంతు, అనగా 0.05 మిల్లీమీటరు అరిగినచో, మొత్తము గొలుసు 5 మిల్లీమీటర్లు పొడవెక్కును. ఒక్క లంకెను చూచిన కంటికి ఆనని అరుగుదల నూరు లంకెలు చేరుసరికి చేతికి తెలియునంతటి వదులగును. అప్పుడు కామ్ షాఫ్టు క్రాంక్ షాఫ్టునకు వెనుకబడును; వాల్వులు ఆలస్యముగా తెరచుకొనును. పాత కార్లలో స్పార్కును పంచిపెట్టు డిస్ట్రిబ్యూటరు కూడ కామ్ షాఫ్టుతోనే తిరుగుటచే స్పార్కును ఆలసించును. బండి ఎత్తు ఎక్కుటకు మొరాయించును.

అంతకు ముందే గొలుసు నోరు విప్పుననుట ముఖ్యము. ఉదయమున చల్లని ఇంజను మొదలుపెట్టగానే ముందుభాగమున గలగల వినబడి, నూనె ఒత్తిడి ఎక్కి టెన్షనరు బిగిసిన పిమ్మట అణగిపోవును. అదే మొదటి కబురు. తరువాత కొన్ని నెలలకు ఆ చప్పుడు వేడి ఇంజనులో కూడ నిలిచిపోవును. విజయవాడ ఆటోనగరులో పొడవాటి స్క్రూడ్రైవరు మొనను ఇంజను మూతకు ఆనించి, పిడిని చెవికి చేర్చి వినుచుండు మేస్త్రీలను చూడవచ్చును. వైద్యుని గొట్టమునకును దీనికిని సూత్రము ఒకటే.

చెవిని నమ్మనివారికి కంటితో చూచు పరీక్ష కూడ ఒకటి కలదు. అంబాసిడరు, పద్మిని వంటి కార్లలో ఇది సుకరము. తాళముచెవి తీసివేసి, గేరును న్యూట్రలులో నుంచి, డిస్ట్రిబ్యూటరు మూత తీయవలెను. క్రాంక్ షాఫ్టు బోల్టునకు స్పానరు వేసి ఇంజనును మెల్లగా ముందునకు త్రిప్పుచు, రోటరు కదలనారంభింపగానే ఆపి, వెనుకకు త్రిప్పవలెను. రోటరు వెంటనే వెనుదిరిగినచో గొలుసు బిగువుగా నున్నది. క్రాంక్ షాఫ్టు కొన్ని డిగ్రీలు తిరిగినను రోటరు కదలక నిలిచియున్నచో, ఆ డిగ్రీలే గొలుసులోని వదులు. డిస్ట్రిబ్యూటరు పండ్లలోని వదులు కొంచెము ఇందు కలిసియుండునన్న మాట మరువరాదు. మూత విప్పకయే, రూపాయి ఖర్చు లేకయే తెలియు సంగతి ఇది.

బెల్టు విషయమున ఇట్టి పరీక్షలు సాగవు. అది మొదటి నుండి నిశ్శబ్దము. తెగునప్పుడును ముందుగా చెప్పదు. నిర్మాణమును చూచినచో కారణము తెలియును. బెల్టు బలమంతయు రబ్బరులో లేదు. రబ్బరు గర్భమున చుట్టిన గాజునూలు త్రాళ్ళలో నున్నది. రబ్బరు ఆ త్రాళ్ళను కప్పియుంచును, పండ్లకు రూపమిచ్చును. పండ్ల ముఖమున నైలాను వస్త్రము తొడుగుగా నుండును. చక్రముల చుట్టు వంగి, మరల చక్కనై, మరల వంగి, లక్షలాది మారులు తిరిగిన పిమ్మట లోపలి నూలుపోగులు ఒకటొకటిగా తెగును. బయటికి బెల్టు నల్లగా నిగనిగలాడుచునే యుండును. తొలినాటి నియోప్రీను బెల్టులు ముదిరినప్పుడు వీపున బీటలు వారుచుండెను. వానిని చూచి మార్చుకొనుటకు వీలుండెను. తరువాత వచ్చిన మేలుజాతి రబ్బరు వేడిమికి ఎక్కువ ఓర్చుకొనును. కాని బీటలు వారదు గనుక దాని వయస్సు కంటికి అంతకంటె తక్కువగా తెలియును. మూత తీసి చూచి "బాగుగానే ఉన్నది" అను మేస్త్రి మాటకు, నా మట్టుకు నేను, పెద్ద విలువ ఇయ్యను. బీటలు, పోగులు లేచిన అంచులు, ఊడిన పన్ను కనబడినచో వెంటనే మార్చవలెననుట నిజము. కనబడనంత మాత్రమున క్షేమమనుట నిజము కాదు.

గొలుసునకు నూనె ప్రాణము. బెల్టునకు అదే నూనె విషము. కామ్ షాఫ్టు, క్రాంక్ షాఫ్టుల చివరనున్న సీలులు అరిగి నూనె చెమ్మ బెల్టుపై పడినచో రబ్బరు ఉబ్బి మెత్తబడును. అందుచే బెల్టు మార్చునప్పుడే ఆ సీలులను మార్చుట తెలివి. బెల్టు బిగువును నిలుపు టెన్షనరు చక్రమును గూర్చియు ఇదే మాట. కొన్ని ఇంజనులలో నీటి పంపును త్రిప్పునది కూడ ఈ బెల్టే. ఆ పంపు బేరింగు పట్టివేసినచో క్రొత్త బెల్టైనను నిలువదు. పంపునకు వేరుగా ఖర్చెందుకని వదలివేసి, ఆరు నెలల పిమ్మట అదే కూలి మరల ఇచ్చుకొనువారు కలరు.

బెల్టు తెగినచో ఏమగును? అది ఇంజను కొలతలను బట్టి యుండును. కొన్ని ఇంజనులలో వాల్వు పూర్తిగా తెరచుకొని క్రిందికి దిగియున్నప్పుడు కూడ పిస్టను దానికి తగులనంత ఎడముండును. అట్టివానిలో బెల్టు తెగినచో బండి ఆగును. క్రొత్త బెల్టు వేసినచో మరల నడచును. మరికొన్నిటిలో పిస్టను, వాల్వు ఒకే చోటును వంతులవారీగా వాడుకొనును. తాళము తప్పనంతవరకు ఒకటి వచ్చునప్పటికి మరొకటి తొలగును. బెల్టు తెగగానే కామ్ షాఫ్టు ఎక్కడిదక్కడ నిలిచిపోవును. క్రాంక్ షాఫ్టు మాత్రము బండి ఊపున తిరుగుచునే యుండును. పైకి వచ్చిన పిస్టను తెరచియున్న వాల్వును గ్రుద్దును. వాల్వు కాడ వంగును. ఒక్కొక్కప్పుడు పిస్టను తలయు పగులును. డీజిలు ఇంజనులలో గాలిని చాల ఇరుకు చోటికి అదుమవలసియుండుటచే పిస్టనునకు పైన ఎడము అత్యల్పము. కావున డీజిలు బండిలో బెల్టు తెగినచో వాల్వులు వంగుననియే తలపవలెను. పాత డీజిలు కార్లు వాడువారు బెల్టు గడువును ఒక్క నెలయైన దాటనీయకుండుట మేలు.

ఆ గడువు ఇంజనుకొక తీరుగ నుండును. పాత కార్ల వెంట ఇచ్చిన పుస్తకములలో 60,000 నుండి 1,00,000 కిలోమీటర్ల నడుమ నొక అంకెయో, నాలుగైదేండ్లన్న మాటయో కనబడుట పరిపాటి. ఏది ముందు వచ్చిన అదియే గడువు. మనవారు కిలోమీటర్లను చూతురు గాని ఏండ్లను చూడరు. నెలకు రెండు మారులు గుడికో, బంధువుల ఇంటికో పోయి వచ్చు కారు పదేండ్లకును 30,000 కిలోమీటర్లు దాటకపోవచ్చును. ఆ పదేండ్లును బెల్టు వేసవి వేడిని భరించుచునే యున్నది. నిలిపిన చోట చక్రములపై ఒకే వంపున నెలల తరబడి పడియున్నది. తక్కువ తిరిగిన పాత కారని సంతోషముతో కొన్నవారు అందుచేతనే ఎక్కువ జాగ్రత్త వహింపవలసియున్నది. అమ్మువాడు "బెల్టు మార్చినాము" అన్నచో బిల్లు అడుగవలెను. బిల్లు లేనిచో, కొన్న వారములోనే క్రొత్త బెల్టు వేయించుటయే చవక.

దారిలో బండి ఆకస్మికముగా ఆగి, స్టార్టరు త్రిప్పినప్పుడు ఇంజను ఏ అడ్డును లేనట్లు తేలికగా, వడివడిగా తిరిగినచో బెల్టు తెగినదని అనుమానింపవలెను. అప్పుడు మరల మరల స్టార్టరు త్రిప్పరాదు. ప్రతి చుట్టును వంగని వాల్వును వంచుటకు ఒక అవకాశము. నలుగురిని పిలిచి త్రోయించి గేరు వేయుట అంతకంటెను కూడనిది. బెల్టు ఇంకను తెగక, వదులై యున్న కారులో కూడ అట్టి కుదుపునకు అది ఒకటి రెండు పండ్లు దాటవచ్చును. బండిని లాగించుకొని పోవుటయే మార్గము.

ఈ రెండింటిలో ఏది మేలని అడుగువారు కలరు. ఇటీవలి కార్లలో నిర్మాతలు పలువురు మరల గొలుసు వైపు మొగ్గిరి. మారుతి వారి కె శ్రేణి ఇంజనులును, ఫియట్ వారి 1.3 లీటర్ల డీజిలు ఇంజనును గొలుసువే. గొలుసు అనగానే జీవితాంతము చూడనక్కరలేదను ప్రచారము కూడ దీనితో వచ్చినది. ఆ మాట నాకు రుచింపదు. ఎవరి జీవితము? నూనె సకాలమున మార్చని ఇంజనులో గొలుసు పిన్నులు త్వరగా అరుగును. టెన్షనరు దారులు మడ్డితో మూసికొనును. 2007లో వచ్చిన బి.ఎమ్.డబ్ల్యు. వారి ఎన్47 డీజిలు ఇంజనులో గొలుసు ఇంజను వెనుకవైపున నుండుటచే, అది చెడినప్పుడు గేరుబాక్సునో ఇంజనునో దింపవలసివచ్చిన సంగతి లోకవిదితము. బెల్టు మార్చుటకు ఒక పూట చాలును. అట్టి గొలుసు మార్చుటకు రోజులు పట్టును. ఐనను నూనె మార్పించుటలో అశ్రద్ధ లేనివారికి, ఇంజను చప్పుడు వినిపించుకొను అలవాటు గలవారికి పాత గొలుసు కారు సుఖము. చప్పుడు తెలియనివారికి, లెక్క వ్రాసికొను అలవాటు గలవారికి బెల్టు కారు చిక్కు పెట్టదు. లెక్కయు వ్రాయక, చెవియు ఒగ్గక బెల్టు కారు నడుపుట మాత్రము ప్రమాదము. రాత్రివేళ లారీల నడుమ జాతీయ రహదారిపై ఇంజను ఆగిపోయినచో పోవునది వాల్వులు మాత్రమే కాకపోవచ్చును.

బెల్టు వేయించునప్పుడు యజమాని దగ్గర నిలుచుండి చూడదగిన సంగతులు రెండు మూడు కలవు. క్రొత్త బెల్టును మేస్త్రి మెలిపెట్టరాదు, పదునుగా మడవరాదు. లోపలి గాజునూలు అచటనే విరుగును. రెండు చక్రముల మీది గుర్తులను సరిచూచి బెల్టు ఎక్కించి, టెన్షనరు బిగించిన పిమ్మట, స్టార్టరు జోలికి పోక, ఇంజనును స్పానరుతో చేతితో రెండు పూర్తి చుట్లు త్రిప్పి, గుర్తులు మరల ఎదురెదురుగా వచ్చినవో లేదో చూడవలెను. త్రిప్పునప్పుడు గట్టిగా ఏదైన అడ్డు తగిలినచో బలవంతము చేయరాదు. ఒక పన్ను తప్పియుండును. అంతయు సరియైన పిమ్మట మూత బిగించి, మార్చిన తేదియు, మీటరులోని కిలోమీటర్లును ఒక చీటిపై వ్రాసి, ఇంజను వేడి తగులని చోట ముందుమూత లోపలివైపున అంటించుట మంచి మేస్త్రీల అలవాటు. మీ మేస్త్రికి ఆ అలవాటు లేనిచో మీరే వ్రాసి అంటింపవచ్చును.